పేరొకటి, వ్యవస్థలు రెండు

పేరు వినగానే వస్తువేదో నిశ్చయముగా తెలియవలెను. శాస్త్రమున పేరుకు గల పని ఇదియే. ఒక వస్తువునకు రెండు పేర్లున్నచో కొంత శ్రమ మాత్రమే; రెండు వస్తువులకు ఒకే పేరున్నచో ప్రమాదము తప్పదు. రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరును నడుపు లినక్సు వ్యవస్థల పేర్లలో ఈ రెండు దోషములును కలవు.

ఒకే బోర్డు మీద ఇమిడిన ఈ కంప్యూటరు 2012లో విక్రయమునకు వచ్చెను. అందలి ప్రాసెసరు ఆర్మ్ జాతిలో ఆరవ తరమునకు చెందినది. దశాంశ గణితము చేయు భాగము కూడ దానిలోనే కలదు. అట్టి భాగము గల ప్రాసెసర్లకై డెబియన్ అను ప్రసిద్ధ లినక్సు వ్యవస్థలో ‘ఆర్మ్‌హెచ్‌ఎఫ్’ అను శాఖ ఉన్నది. కాని అది ఏడవ తరమునకును, ఆపై వానికిని ఉద్దేశింపబడినది. అందుచే మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ అనువారు డెబియన్ ప్రోగ్రాములను ఆరవ తరమునకు తగినట్లు మరల నిర్మించి, ఆ వ్యవస్థకు ‘రాస్ప్‌బియన్’ అని పేరిడిరి. ఇది మెచ్చదగిన కృషి. అయితే ఈ కొత్త ప్యాకేజీలకు కూడ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అను ముద్రయే నిలిచినది. ఫలితమేమి? డెబియన్ ప్యాకేజీని తెచ్చి తొలి బోర్డులో ఎక్కించినచో, ముద్ర సరిపోయినది గనుక యంత్రము స్వీకరించును. ప్రోగ్రామును నడుపబోగా, తాను ఎరుగని ఆదేశము ఎదురై ఆగిపోవును.

2020 మే నెలలో, 64 బిట్ల రూపము పరీక్షార్థము వెలువడిన సమయముననే, వ్యవస్థ పేరును ‘రాస్ప్‌బెర్రీ పై ఓఎస్’గా మార్చిరి. దీనికి హేతువు లేకపోలేదు. కొత్త రూపము నేరుగా డెబియన్ నుండి తయారైనది. దానిని రాస్ప్‌బియన్ అనుట అసత్యమగును. కాని ఉమ్మడి పేరు వచ్చుటతో రెండింటి భేదము మరుగుపడినది. 2023 నాటి బుక్‌వర్మ్ విడుదలలో ‘ఓఎస్-రిలీజ్’ అను ఫైలును తెరచి చూడుడు: 32 బిట్ల దానిలో రాస్ప్‌బియన్ అనియు, 64 బిట్ల దానిలో డెబియన్ అనియు కనబడును. పైన ఒక పేరు, లోపల రెండు!

‘లెగసీ’ అను మాట మరియొక చిక్కు. 2021 చివర ఆ పేరు బస్టర్ విడుదలను తెలిపెడిది; 2023లో బుక్‌వర్మ్ వచ్చిన పిదప అదే పేరు బుల్స్‌ఐ విడుదలకు చెల్లినది. ‘లెగసీని ఎక్కింపుము’ అని ఒకనాడు వ్రాసిన పాఠము, అక్షరము మారకయే తప్పుగా మారెను.

అనుభవజ్ఞునకు ఇవి చిల్లర చిక్కులే. ఈ బోర్డులు ముఖ్యముగా విద్యార్థుల కొరకు పుట్టినవని మరువరాదు. పుస్తకములో చెప్పినట్లే చేసి విఫలుడైన విద్యార్థి, దోషము పేరుదని ఎరుగడు. తనకీ విద్య రాదనుకొని విడిచిపెట్టును. ఈ నష్టము చిన్నది కాదు.

కావున పాఠము వ్రాయువారు ‘పై ఓఎస్’ అని ఊరకొనక, బోర్డు నమూనా, బిట్ల సంఖ్య, విడుదల పేరు అను మూడింటిని తెలుపవలెను. పేరు పెట్టువారు అందముతో పాటు వంశమును కూడ చెప్పు పేరు నెన్నుకొనిన, ఈ శ్రమ సగము తగ్గును.