రెండో అంకె అందం

ఓట్ల లెక్కింపులో రసమేముంటుందని అడిగేవారికి 1969 రాష్ట్రపతి ఎన్నిక చూపిస్తాను. ప్రధాన ప్రత్యర్థులిద్దరూ తెలుగువాళ్లే: వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి. మూడో వ్యక్తి సి.డి. దేశ్‌ముఖ్. చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలవాలంటే 4,18,169 రావాలి. పేరు పక్కన 1 అంకె పడ్డ మొదటి ప్రాధాన్యపు ఓట్లలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరూ అందుకోలేదు. అసలు ఘట్టం అక్కడ మొదలవుతుంది. అట్టడుగున ఉన్నవారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ, వారి కాగితాల మీద తర్వాతి అంకె ఎవరికుందో చూసి పంచుతూ వచ్చారు. దేశ్‌ముఖ్ ఓట్లూ పంచాక రెడ్డి 4,05,427 దాకా ఎగబాకారు. 88 వేల తేడా 15 వేల లోపుకు దిగింది! గిరికి కలిసింది కొంచెమే, కానీ ఆ కొంచెమే చాలింది: 4,20,077.

మొదటి అంకె వాచ్యం, రెండోది ధ్వని. అవసరం పడేదాకా అది నోరు మెదపదు. పలికిందంటే కథే మారిపోవచ్చు.

యర్రగొండపాలెం నియోజకవర్గంలోని పుల్లలచెరువు పట్టభద్రులకు ఈ అంకెల కాగితం కొత్తది కాదు. 2023 మార్చి 13న తూర్పు రాయలసీమ ఎమ్మెల్సీ ఎన్నికలో యంత్రం లేదు, పార్టీ గుర్తు లేదు. పేరు, ఫొటో, పక్కన ఖాళీ గడి, చేతికిచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్. టిక్కు పెడితే చెల్లదు, అంకె వేయాలి. అయితే అక్కడున్నది ఒక్క సీటే. ఈ పద్ధతి పూర్తిగా వికసించేది సీట్లు పెరిగినప్పుడే.

175 మంది ఎమ్మెల్యేలు, నాలుగు రాజ్యసభ స్థానాలు అనుకుందాం. ఒక్కో ఓటు విలువ 100. మొత్తం 17,500ను అయిదుతో భాగించి, ఒకటి కలిపితే గెలుపుకు కావలసింది 3,501. ఆ చివరి ఒకటి చూడండి! అది లేకపోతే తలా 3,500తో అయిదుగురు నాలుగు కుర్చీల ముందు నిలబడగలరు. అది ఉంటే అయిదోవారికి చోటే పుట్టదు. ఇంత చిన్న అంకెతో ఇంత గట్టి కట్టడం నేనెక్కడా చూడలేదు. ఒకరికి 40 మంది మొదటి ఓటు వేస్తే మిగులు 499. చెరువు నిండాక అలుగు పారి కింది చెరువుకు చేరినట్టు, ఆ 40 కాగితాలూ తలా 12 విలువతో రెండో పేరుకు వెళతాయి.

ఇంత నాజూకైన జల్లెడలోకి మనం పోసేది మాత్రం ముందే తరుగుపోయిన ధాన్యం. 2019 ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ 39 శాతమే, సీట్లు 11. ఆ పదకొండులో పుల్లలచెరువు ఉన్న యర్రగొండపాలెం ఒకటి. ఓట్ల వాటా ప్రకారమైతే రెండుసార్లూ 68 దాకా రావాలి. 2020 జూన్ రాజ్యసభ ఎన్నికలో అప్పటి అధికారపక్షం వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థులు నలుగురికీ సరిగ్గా 38 చొప్పున పడ్డాయి. ఆ పంపకంలోనూ ఒక పొందిక ఉంది, కాదనను. కానీ తెలుగుదేశం అభ్యర్థి వర్ల రామయ్యకు వచ్చినవి 17. వెనక అంతమంది ఓటర్లున్న పార్టీకి ఒక్క స్థానమూ దక్కలేదు. దోషం లెక్కది కాదు, అంతకుముందు అసెంబ్లీ నిండిన తీరుది.

మన లోక్‌సభ నిండేదీ అదే తీరున. నేపాల్‌లో మాత్రం ప్రతినిధుల సభకు ఓటరు చేతికి రెండు కాగితాలిస్తారు: 165 స్థానాలకు మనిషిని ఎంచుకోవడానికి ఒకటి, పార్టీల వాటా ప్రకారం నిండే 110 స్థానాలకు ఇంకొకటి. ఆ రెండో కాగితం మన లోక్‌సభ ఎన్నికల్లోనూ ఉండాలి. యర్రగొండపాలెంలో ఓడిన పక్షానికి పడ్డ ఓటు కూడా ఢిల్లీ దాకా లెక్కకు రావాలి.