తడినద్దు నేర్పు

ముళబాగిలు విడిచి పలమనేరు దెసకు సాగు పాత 4వ నంబరు జాతీయ రహదారి, కర్ణాటకపు పొలిమేర దాటి ఆంధ్రదేశమున అడుగిడుటకు ముందు కడపట తాకు పెద్ద ఊరు నంగలి. 12వ శతాబ్దమున హొయసల విష్ణువర్ధనుడు తలకాడును, కొంగును జయించితినని చాటుకొన్న బిరుదావళిలోనే నంగలి పేరును చేర్చుకొనెను. ఆయన రాజ్యమునకు తూర్పు హద్దుగా శాసనములు చెప్పునదియు నంగలి కనుమనే. ఏనుగులును గుఱ్ఱములును నడచిన ఆ సీమలో నేడు లారీలును, టాక్సీలును, సొంత కార్లును రేయింబవళ్ళు తిరుగుచుండగా, దారి ప్రక్కన బండి నిలిపి, బకెట్టెడు నీరు సంపాదించి, కడిగి తుడుచుకొని పోవుట ఇచ్చటి డ్రైవర్లకు చిరకాలముగా అలవడిన పని. కడుగుటను గూర్చి అందఱును మాటలాడుదురు. షాంపూ ఏది మంచిది, పైపు ఎంత పొడవుండవలె నని వాదించుకొందురు. తుడుచుటను గూర్చి పలుకువారు అరుదు. నేను చెప్పదలచిన దంతయు ఆ రెండవ పనిని గూర్చియే. ఏలయనగా కారు మేని కాంతి చెడుట పెక్కుమార్లు కడుగునప్పుడు గాక, కడిగిన పిమ్మట గుడ్డ చేతబట్టిన ఆ పావుగంటలోనే జరుగుచున్నది.

ఆయుధపూజ నాటి ఉదయమున ఈ సీమలో ఏ వీధిని నడచినను ఈ సంగతి కంటబడును. కొడవలి మొదలు ట్రాక్టరు వఱకు స్నానము చేయని పనిముట్టు ఉండదు. చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుటకును, గుమ్మడికాయ దిగదుడుచుటకును ముందే కారు పూర్తిగా ఆరియుండవలెను. తడిమేనిపై బొట్టు పెట్టినచో గంధము జాఱును, కుంకుమ చారలు కట్టును. అందుచేత తొందర, తొందరచేత చేతికందిన గుడ్డ, చేతికందిన గుడ్డచేత గీతలు. పండుగ నాడు ప్రేమతో చేసిన సేవయే బండికి ఏడాది పొడవున మాయని మచ్చ యగుట చూచి నేను ఎన్నోమార్లు నొచ్చుకొంటిని.

ఇంతకును తుడువక విడిచిన నేమి, గాలికే ఆరదా యని అడుగువారు కలరు. వాననీటితో కడిగినచో ఆ మాట కొంత చెల్లును. కాని నంగలి యున్న కోలారు జిల్లాలో ఏడాది పొడవున పాఱు నది లేదు. నంది కొండల చెంత పుట్టిన పాలారు ఈ జిల్లా గుండ పోవుచున్నను, దాని ఇసుకను చూచినవారే గాని నీటిని చూచినవారు తక్కువ. బంగారు గనుల పట్టణమునకు నీరిచ్చిన బేతమంగళము చెఱువు మొదలు ఊరూరి కుంట వఱకు పూర్వులు కట్టిన చెఱువులే ఈ నేలకు ప్రాణము. అవి ఎండుచు రాగా జనులు బోరుబావులను నమ్ముకొనిరి, ఆ బోర్లు వెయ్యి అడుగులను దాటి దిగినవి. 2018 నుండి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెఱువులకు పంపు కె.సి. వ్యాలీ పథకము వలన కొన్ని చెఱువులలో మరల నీటి మెఱుపు కనబడుచున్నది గాని, ఇంటి కొళాయిలో వచ్చునది నేటికిని ఎక్కువగా రాతి పొరల నీరే.

రాతిలో నానిన నీరు రాతిని మోసికొని వచ్చును. దానిలో కరగియున్న కాల్షియము, మెగ్నీషియము బైకార్బొనేటులు నీరు ఆవిరియైన వెంటనే కార్బొనేటులై, అనగా సున్నపురాతి జాతి పదార్థమై, పైన నిలిచిపోవును. త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మేలనియు, వేఱు గతి లేనిచోట 600 వఱకు ఓర్వవచ్చుననియు భారత ప్రమాణము చెప్పుచున్నది. అటువంటి నీరు కార్లమీద ఏమి చేయునో చూడవలెనన్న, నీళ్ళు కాచు గిన్నె అడుగున కట్టిన తెల్లని చెక్కును చూచిన చాలును. బానెట్టు పైన నిలిచిన ప్రతి నీటిచుక్కయు నడుమ తేలికగాను, అంచున చిక్కగాను ఉప్పును విడిచి, ఒక చిన్న తెల్లని ఉంగరమై ఆఱును. ఎండలో కాగిన లోహముపై ఆ ఉంగరము పెయింటునే కొఱికి గుంట చేయును. అప్పుడు దానిని ఏ గుడ్డయు తీయలేదు.

ఇక్కడ ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఫ్లోరైడు బెడద చేత ఈ జిల్లాలో ఆర్వో నీళ్ళ యంత్రములు చాల ఇండ్లలో వెలసినవి. ఆ యంత్రము విడిచిపెట్టు వ్యర్థజలమును పాఱబోయక బకెట్లలో పట్టి, దానితో బండి కడుగువారు ఎందఱో కలరు. వారి పొదుపు మెచ్చదగినదే. ఆ నీటితో వాకిలి కడుగవచ్చును, మరుగుదొడ్డికి వాడవచ్చును. కాని వడపోతలో మంచినీటి నుండి విడదీసిన లవణములన్నియు చేరినది ఆ నీటిలోనే గావున, మామూలు బోరునీటి కంటెను అది కారు మేనికి చెడ్డది. బోరునీటితోనే కడుగుడు, కడపటి చెంబెడు మాత్రము, నిలువజేసిన వాననీరు దొరకినచో దానితో పోయుడు.

నీటి సంగతి ఇట్లుండగా ధూళి సంగతి వేఱు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినను, నూఱేండ్లకు పైగా రాతిని పిండిచేసి, సయనైడు ద్రావణముతో బంగారమును తీసికొని, పాఱబోసిన మెత్తని పొడి గుట్టలై అక్కడనే యున్నది. మూడు కోట్ల టన్నులకు మించిన ఆ సయనైడు దిబ్బల నుండి ఆషాఢపు గాలికి లేచు బూడిద వన్నె దుమ్ము గనుల పట్టణములో కారు పైన, కిటికీ పైన, ఆరవేసిన బట్టల పైన వ్రాలును. బంగారము దాగియుండినది పలుగురాతిలో గావున ఆ దుమ్ములో పలుగురాతి పొడి మిక్కుటము. నంగలిలో గాలికి లేచు ఎఱ్ఱమట్టిలోను ఆ రాతి రేణువులకు కొదువ లేదు. ఖనిజముల గట్టితనమును కొలుచు మో మానములో సున్నపు చెక్కు 3, పలుగురాయి 7. నేటి కార్లకు రంగుపై పూయు పారదర్శకమైన పొర సుమారు 40 మొదలు 50 మైక్రాన్ల మందము. తలవెండ్రుక కంటెను పలుచన. అట్టి పొరపై పలుగురాతి రేణువును గుడ్డ క్రింద అదిమి లాగుట ఎట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

నాకు ఈ జ్ఞానము పుస్తకములలో దొరకలేదు. మొదటిసారి సొంత కారు కొన్న వేసవిలో, నల్లని రంగుపై మోజుపడి తెచ్చుకొన్న ఆ బండిని మిట్టమధ్యాహ్నము వాకిట కడిగి, చుక్కలు ఆఱకముందే తుడువవలెనను ఆరాటముతో పెట్టెలోని కొత్త టర్కీ టవలు తీసి, పొడిగుడ్డతో గుండ్రముగా బలముకొలది రుద్దితిని. అద్దమువలె మెఱసెను. సాయంకాలము ప్రొద్దు వాలి ఏటవాలు కిరణములు బానెట్టుపై పడగానే, సూర్యబింబము చుట్టును సాలెగూటివలె వేలకొలది సన్నని గీతలు వెలికివచ్చినవి. కోలారునకును చిత్తూరునకును నడుమ ముప్పదియేండ్లు అంబాసిడరు టాక్సీ నడపిన పెద్దాయన ఒకరు మా వీధిలోనే యుండెడివారు. ఆయన దగ్గఱకు వచ్చి, వంగి, గీతలను వ్రేలితో తాకకుండ కంటితోనే చదివి, "రుద్దినావా నాయనా? ఇదేమన్నా అంటుగిన్నెనా రుద్దేదానికి? అద్దల్ల. అద్ది, ఎత్తల్ల" అనిరి.

తెలుగులో తడిని తీయుటకు ఎన్ని మాటలున్నవో ఆనాటి రాత్రి నేను లెక్కించుకొంటిని. నేలను తుడుతుము, పాత్రను తోముదుము, బట్టను పిండుదుము, తలను ఆర్చుకొందుము, పసిబిడ్డ చెక్కిలిపై నీటిని అద్దుదుము. బిడ్డకు స్నానము చేయించిన తల్లి ఆ లేత చర్మముపై గుడ్డను ఉంచి, అరచేతితో మెల్లగా ఒత్తి, పైకెత్తును గాని లాగదు. కారు మేనికి చెల్లునది ఆ కడపటి క్రియయే. అద్దునప్పుడు గుడ్డకును పెయింటునకును ఒరపిడి లేదు. ఒరపిడి లేనిచోట, కడుగుటలో తప్పిపోయిన రేణువొకటి రెండు మిగిలియున్నను, అది ఉన్నచోటనే గుడ్డలో చిక్కుకొని పైకి వచ్చును.

మరునాటి ఉదయము పెద్దాయన తన పద్ధతిని చూపిరి. నీడకు చేర్చిన బండి బానెట్టుపై అరచేయి ఆన్చి, వేడి లేదని తెలిసికొనిన పిమ్మటనే కడుగ మొదలిడిరి. కడుగుట ముగిసినంతనే గుడ్డను ముట్టలేదు. పైపు కొనకు తగిలించిన పిచికారీని ఊడదీసి, నీటి వడిని తగ్గించి, పైపు నోటిని కప్పునకు దాదాపు ఆన్చి, నీటిని చిమ్మక పాఱనిచ్చిరి. అట్లు పాఱిన నీరు విడివిడి చుక్కలుగా నిలువక ఒక్క తెరయై జాఱుచు, దారిలోని చుక్కలను తనలో కలుపుకొని నేలకు దిగెను. నీటిరేణువులు ఒకదానినొకటి పట్టుకొని యుండు స్వభావమును ఆయన ఏ పేరుతో ఎఱుగుదురో గాని, దానిచేత పనిచేయించుకొనుట ఎఱుగుదురు. తుడువవలసిన నీటిలో సగమునకు పైగా గుడ్డ తాకకముందే పోయెను.

తరువాత తీసినది, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు పంచె. దానిని నీటిలో ముంచి గట్టిగా పిండిరి. పొడిగుడ్డ కంటె పిండిన తడిగుడ్డ నీటిని త్వరగా పీల్చుననుట వినుటకు వింతగా తోచును. కాని బొత్తిగా ఎండిన నూలుపోగు మొదట నీటిని తోసిపుచ్చును, ఒకసారి తడిసిన పోగుల నడుమ సందులలో నీరు తనంతట ప్రాకును. షామీ తోలు మర్మమును ఇదియే. గొఱ్ఱె తోలు లోపొరను చేపనూనెతో పదునుచేసిన ఆ తోలు ఎండినప్పుడు అప్పడమువలె బిరుసెక్కియుండి, తడిసిన పిమ్మట పట్టువలె మెత్తనై నీటిని త్రాగును. పాలారు దిగువన వాణియంబాడి, ఆంబూరులలో తోళ్ళ పరిశ్రమ పెరిగినందున ఈ దారిని తిరుగు డ్రైవర్లకు తోలు మంచిచెడ్డలు పరిచితములే.

పిండిన పంచెను విప్పి, రెండు కొనలు రెండు చేతులబట్టి, బానెట్టుపై పఱచి, అరచేతులతో ఒక అంచునుండి రెండవ అంచు వఱకు అద్దిరి. ఎత్తి చూపిరి: క్రింద పొగమంచు వంటి పలుచని చెమ్మ మాత్రము మిగిలెను. అది కన్ను మూసి తెఱచునంతలో ఉప్పు మిగుల్చకయే ఆఱెను. మరల పిండి, కప్పు, అద్దములు, డిక్కీ, తలుపుల పైసగము ఇట్లు పైనుండి క్రిందికి దిగిరి. తలుపుల అడుగు భాగమునకు మరియొక గుడ్డ, చక్రములకు ఇంకొకటి. ఒకదాని పనికి ఇంకొకటి ముట్టలేదు. నడుమ గుడ్డ కొన ఒకటి జాఱి నేలను తాకెను. ఆయన మాట లేకుండ దానిని ప్రక్కన బెట్టి వేఱొకటి తీసిరి. నేలబడిన గుడ్డను విదిలించి వాడుట మనకు అలవాటు. విదిలింపునకు దుమ్ము రాలును గాని ఇసుక రేణువు పోగులలో నాటుకొనియే యుండును.

నేటి విపణిలో పంచెకంటె మేలైన సాధనము కలదని ఒప్పుకొనుటకు నేను వెనుదీయను. 1970లో జపానునందలి తోరే సంస్థలో మియోషి ఒకమోతో అతిసూక్ష్మమగు కృత్రిమ తంతువులతో మెత్తని తోలును బోలు వస్త్రమును సృష్టించిన పిమ్మట, ఆ జాతి తంతువు నానా రూపములు తాల్చి మైక్రోఫైబర్ గుడ్డగా మన ఇండ్లకు చేరెను. సాధారణముగా పాలియెస్టరు 80 పాళ్ళు, పాలియమైడు 20 పాళ్ళుగా నుండు ఆ తంతువు చీలి అనేక కోణములు గలదై, నీటిని సందులలో లాగుకొనుటయే గాక, రేణువును కూడ పెయింటునకు ఒరయనీయక తన పీచులోనికి తీసికొనును. పీచు పొడవైన, దళసరియైన తువాలును కొనుడు. దాని అంచునకు కుట్టిన గరుకు చీటీని కత్తిరించి పాఱవేయుడు. రెండు మూడుసార్లు ఉతికిన పిమ్మటనే అది నీటిని బాగుగా పట్టును. బట్టలను మెత్తబఱచు ద్రవములు తంతువులపై పూతవలె కమ్మి పీల్పును చంపును గావున వానిని చేర్చరాదు. నూలు బట్టలతో కలిపి ఉదుకరాదు, నలుసులు అంటుకొనును. పసుపుపచ్చని ఫ్లానెలు గుడ్డతో ప్రతి ఉదయమును పొడిదుమ్ము దులుపు అలవాటును మాత్రము డ్రైవరు సోదరులు విడువవలెనని చేతులు జోడించి కోరుచున్నాను. ఆ కాలపు అంబాసిడరు, 1958 నుండి 2014 వఱకు తయారైన ఆ దృఢకాయము, తన దళసరి రంగుపై ఆ మర్దనను కొంత ఓర్చుకొనెను. నేటి పలుచని పొర ఓర్వలేదు.

తెల్లని ఉంగరములు అప్పటికే ఏర్పడియున్నచో ఉప్పును గోటితో గీఱరాదు. ఇత్తడి చెంబునకు చింతపండు వాడు ఇల్లాలికి తెలిసిన రసాయనమే ఇచ్చటను పనిచేయును: పులుపు సున్నమును కరగించును. కాని చింతపండు పీచు గీతలు పెట్టును గావున, తెల్లని వెనిగరును అంతే నీటితో కలిపి, మెత్తని గుడ్డను అందులో తడిపి మచ్చపై నీడలో కొన్ని నిమిషములు పఱచి, పిమ్మట నీటితో కడిగి, మరల అద్దవలెను.

పైమేను ఆఱినంత మాత్రమున పని ముగియదు. ప్రక్క అద్దముల గూడులలోను, పెట్రోలు మూత చుట్టును, నంబరు పలక వెనుకను దాగిన నీరు బండి కదలగానే కారి, తుడిచిన తలుపుపై మరల చారలు గీయును. తలుపులు నాలుగును తెఱచి, రబ్బరు అంచులను, చట్రమును అద్దవలెను. తలుపు అడుగున నీరు దిగుటకు చిన్న రంధ్రములుండును. అవి మట్టితో పూడినచో నీరు లోపలనే నిలిచి, కంటికి కనబడకుండ ఇనుమును తినును. ఒక పుల్లతో వానిని సరిచూచుకొనుట అరనిమిషపు పని. తడి యుండగా బండిపై గుడ్డ తొడుగు కప్పరాదు. చెమ్మ లోపల ఉడికి పెయింటును పొంగించును.

కడపట బ్రేకులు. తడిసిన ఇనుప పళ్ళెములపై గంటలోనే తుప్పు వన్నె కనబడును. బండిని వీధి చివఱ వఱకు మెల్లగా నడిపి, వెనుక ఎవరును లేనప్పుడు నాలుగైదుసార్లు తేలికగా బ్రేకు త్రొక్కినచో ఆ వేడికి తడి యాఱును. తడి బ్రేకులతో హ్యాండుబ్రేకు లాగి రాత్రంతయు విడిచినచో అవి పట్టుకొనిపోవును. గేరులో నిలిపి చక్రము వెనుక ఒక రాయి పెట్టుట మేలు. పెద్దాయన ఆ ఉదయము అట్లే రాయి పెట్టి, మోకాలిపై చేయి ఆన్చి లేచి, వాడిన మూడు గుడ్డలను వేఱువేఱుగా ఉతికి, చక్రములు తుడిచిన దాని కొనకు గుర్తుగా ముడివేసి, వేపచెట్టు నీడన కట్టిన తీగపై దుమ్ము తగులని వైపునకు ఆరవేసిరి.