వర్కు, లేబరు, మన 'శ్రమ'

నిఘంటువులో పక్కపక్కన ఉన్నంత మాత్రాన రెండు మాటలు ఒకటే అయిపోవు. ఇంగ్లీషులో 'వర్క్' కనిపించినా, 'లేబర్' కనిపించినా 'శ్రమ' అని రాసి ముందుకు సాగడం మన అనువాదాల్లో అలవాటైపోయింది. అభ్యుదయ రచయితలకు ఆ మాట మీద ఉన్న గౌరవం ఇందుకు ఒక కారణం కావచ్చు. కాని గౌరవం వేరు, వివేచన వేరు.

ఈ రెండు మాటల తేడాను సిద్ధాంత సమస్యగా చూసినవాడు ఎంగెల్స్. జర్మన్ భాషలో రెంటికీ 'ఆర్బైట్' ఒక్కటే మాట. ఇంగ్లీషుకు రెండు వేరు వేరు మాటలున్న సౌలభ్యం ఉందని, 'పెట్టుబడి' మొదటి సంపుటానికి 1890లో వెలువడిన నాలుగవ జర్మన్ కూర్పులో ఆయన ఒక అధోజ్ఞాపిక చేర్చాడు. ఉపయోగపు విలువను తయారుచేసేది, గుణాన్నిబట్టి గుర్తించవలసినది 'వర్క్'. విలువను సృష్టించేది, పరిమాణంలో మాత్రమే కొలిచేది 'లేబర్'. వడ్రంగి బల్ల చేశాడా, నేతగాడు గుడ్డ నేశాడా అన్నది మొదటి ప్రశ్న. ఎన్ని గంటలు పట్టిందన్నది రెండవ ప్రశ్న. చేసే మనిషీ ఒకడే, చేసేదీ ఒకటే. చూసే కోణం మారింది.

విభజన బాగుంది. కాని ఇంగ్లీషు దానికి లొంగలేదు. అంతకు మూడేళ్ల ముందు, 1887లో, మూర్, ఏవెలింగ్‌ల అనువాదం వచ్చింది. దానికి సంపాదకుడు ఎంగెల్సే. అందులో ఉపయోగపు విలువల ఉత్పత్తిని వివరించే భాగం పేరు 'లేబర్ ప్రాసెస్'. గంటల లెక్క తేల్చే అధ్యాయం పేరు 'వర్కింగ్ డే'. సూత్రం ప్రకారమైతే ఈ రెండూ తారుమారు కావాలి! వాడుక ఎంతటి సిద్ధాంతవేత్త మాటనైనా వినదు. కనుక ఇంగ్లీషు మాటను చూసి తెలుగు మాట ఎంచుకుంటే చాలదు. ఆ వాక్యం దేన్ని లెక్కిస్తున్నదో చూడాలి.

మన పల్లెల్లో ఈ తేడా తెలియదా? సొంత చేలో కలుపు తీసే మనిషి 'చేలో పనుంది' అంటుంది. మరునాడు ఆసామి చేలో కలుపు తీయబోతూ 'కూలికి పోతున్నా' అంటుంది. కలుపూ అదే, వంగిన నడుమూ అదే. పొలం ఎవరిదన్నదాన్నిబట్టి మాట మారింది. అమ్ముకుంటున్నది తన రోజును గనుక, ఆ రోజు ధరే ఆ పనికి పేరైంది. ఎంగెల్స్ ఇంగ్లీషులో చూసిన జంట మనకు 'పని', 'కూలి' అన్న మాటల్లో దాదాపుగా దొరుకుతున్నది. దాదాపుగా అనే అంటున్నాను. విలువా కూలీ ఒకటి కావని అర్థశాస్త్రం చదివిన మిత్రులు నన్ను పట్టుకుంటారు.

ఇక 'శ్రమ'. సంస్కృతంలో దాని మూలార్థం అలసట. లాటిన్ నుంచి వచ్చిన 'లేబర్'లోనూ కష్టం, బాధ ఉన్నాయి. పురిటినొప్పులను ఇంగ్లీషువాళ్లు ఆ మాటతోనే చెబుతారు. 'మీకు శ్రమ ఇచ్చాను' అని మనం మర్యాదకు అన్నప్పుడు పలికేది ఆ అలసటే. సిద్ధాంత వ్యాసంలో 'శ్రమశక్తి' అనక తప్పదు, అక్కడ వేరే మాట పెడితే వాదమే కుంటుపడుతుంది. కాని కథలో కూలిమనిషి చేత 'రోజంతా శ్రమించాను' అనిపిస్తే, మాట్లాడింది ఆమె కాదు, రచయిత.

ఇంటిపని దగ్గర ఎంపిక మరీ కష్టం. ఇంగ్లీషులో అది 'హౌస్‌వర్క్'. 1970లలో స్త్రీవాదులు, మార్క్సిస్టులు దానినే 'డొమెస్టిక్ లేబర్' అని చర్చకు పెట్టారు. జీతం లేని ఆ పని పెట్టుబడికి ఏ విధంగా ఉపకరిస్తున్నదన్న ప్రశ్న ఆ మాట మార్పులోనే ఉంది. రెంటినీ 'ఇంటిపని' అని అనువదిస్తే చర్చే మాయమవుతుంది. రెంటినీ 'గృహశ్రమ' అంటే మాట ఎందుకు మార్చవలసి వచ్చిందో పాఠకుడికి అందదు. పైగా మనకు 'చాకిరీ' అనే మూడవ మాట ఉంది. అందులో ఫిర్యాదు ముందే ఇమిడి ఉంది. 'ఇంటెడు చాకిరీ' అన్న ఇల్లాలు, ఆ రెండు ఇంగ్లీషు మాటలూ చెప్పని సంగతి చెబుతున్నది. అయితే మూలంలో ఫిర్యాదు లేనిచోట ఈ మాట పెట్టడం కూడా అన్యాయమే.

ఈమధ్య ఒక విద్యార్థి ఒక ఇంగ్లీషు కథను అనువదించి తెచ్చాడు. 'దినశ్రమానంతరం ఆమె కూర్చున్నది' అని ఉంది. మూలంలో ఉన్న మాట 'వర్క్'. "మీ అమ్మ రాత్రిపూట ఎప్పుడు కూర్చుంటుందిరా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, ఆ వాక్యం కొట్టేసి, 'పనంతా తెముల్చుకుని కూర్చుంది' అని రాశాడు.