జేమ్స్ బాండు ఉద్యోగము

2021వ సంవత్సరమున విడుదలయైన ‘నో టైమ్ టు డై’ చిత్రము చివర జేమ్స్ బాండు మరణించినాడు. క్షిపణులు దూసికొని వచ్చుచుండగా ఒక ద్వీపమున ఒంటరిగా నిలిచి, తన బిడ్డకు తల్లియైన స్త్రీకి రేడియోలో వీడ్కోలు చెప్పి మరణించినాడు. 1962లో ‘డాక్టర్ నో’తో ప్రారంభమై ఇరువదియైదు చిత్రములుగా నడచిన ఈ వరుసలో నాయకుడు చచ్చుట అదియే మొదటిసారి. పిమ్మట 2022లో అమెజాన్ సంస్థ ఎం.జి.ఎం. సంస్థను కొన్నది. ఆల్బర్ట్ బ్రొకోలీ నాటినుండి ఆ కుటుంబమువారి చేతిలో నున్న కథానిర్ణయాధికారమును, ఆయన కుమార్తె బార్బరాయు, సవతి కుమారుడు మైకేల్ విల్సనును 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థకు అప్పగించిరి. అదే సంవత్సరమున డెనీ విల్నవ్ దర్శకుడుగాను, స్టీవెన్ నైట్ రచయితగాను నియమితులైరి.

నాటినుండి అభిమానులలో వాదోపవాదములు చెలరేగినవి. ఇయాన్ ఫ్లెమింగ్ తొలి నవల వెలువడిన 1953 ప్రాంతమునకు కథను వెనుకకు కొనిపోవలెనని కొందఱు. పడుచువానిని తెచ్చి, అతడు గూఢచారియైన తొలినాళ్లనుండి మరల చెప్పవలెనని కొందఱు. నల్లజాతి నటుడు రావచ్చునని కొందఱు. స్త్రీయే యేల కారాదని మఱికొందఱు. కొత్త యజమానులు ఒక్కొక్క పాత్రను విడదీసి టెలివిజన్ ధారావాహికలు తీసి, మజ్జిగలో నీళ్లు కలిపినట్లు పలుచన చేయుదురేమో యని అందఱకును భయము. 2023లో ఈ 007 పేరుమీదనే ఒక పందెముల కార్యక్రమమును నడిపిరి గనుక ఆ భయము వట్టిదని త్రోసివేయుటకు వీలులేదు.

ఈ వాదములలో అధికభాగము ‘ఎవరు’ అను ప్రశ్నచుట్టు తిరుగుచున్నది. నాకు తోచినంతలో అది రెండవ ప్రశ్న. పద్యనాటకము చూచిన మనవారికి ఇది వివరింప నక్కఱలేదు. ఒకే రాత్రి, ఒకే నాటకములో, మొదటి కృష్ణుడు లోనికి పోయి రెండవ కృష్ణుడు వచ్చును. ముఖము మాఱినదని ఎవడైన లేచి అడిగినాడా? గొంతు బాగున్నదా లేదా యనియే చూతుము. కానరీ ఆఱు చిత్రములు, లాజెన్‌బీ ఒక్కటి, మూర్ ఏడు, డాల్టన్ రెండు, బ్రాస్నన్ నాలుగు, క్రెయిగ్ అయిదు. ఇట్లు ఆఱుగురు ఆ వేషము కట్టిరి. ఏడవవాడు కట్టుటలో వింత లేదు. వాని చర్మము రంగు ఎట్టిదైనను నాకు అభ్యంతరము లేదు. స్త్రీ విషయమున మాత్రము, ఆమెకు ఈ మగవాని పాతచొక్కా తొడుగుటకంటె, ఆమె పేరుతోనే కొత్తకథ వ్రాయుట గౌరవమని నా యభిప్రాయము.

‘జేమ్స్ బాండు’ అనునది అసలు పేరే కాదనియు, ఒక గూఢచారినుండి మఱియొకనికి సంక్రమించు సంకేతమనియు వాదించు వర్గము చాలకాలముగా నున్నది. చచ్చినవాడు మరల వచ్చుటకు ఇది సులభమైన దారి. కాని చిత్రములే దీనిని కాదనుచున్నవి. లాజెన్‌బీ బాండుగా నున్నపుడు, 1969లో, పెండ్లినాడే భార్య హతమైనది. 1981లో ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ చిత్రారంభమున మూర్ పూలు పట్టుకొని పోయి నిలిచినది ఆమె సమాధి యెదుటనే. రాతిమీద 1969 అని చెక్కియున్నది. ముఖము వేఱు, మనిషి ఒకడే. గుమాస్తాగిరిలో జీవితము గడపినవానికి ఇది వెంటనే తెలియును. 007 అనునది సీటు నంబరు. బాండు ఆ సీటులోని మనిషి. 2021 చిత్రములో ఆయన ఉద్యోగము మానియుండగా ఆ నంబరును వేఱొక యువతికి ఇచ్చిరి. ఆ యేర్పాటు నాకెంతయో సహజముగా తోచినది. ఖాళీయైన సీటు నంబరు ఎవరికైన ఈయవలసినదే గదా!

ఇంక మొదటి ప్రశ్నకు వత్తును. ఈ మనిషి చేయు పని యేమి?

ఫ్లెమింగ్ 1955లో వ్రాసిన ‘మూన్‌రేకర్’ నవల తొలి అధ్యాయములు చదివినవారికి ఆశ్చర్యము కలుగును. అక్కడ బాండు పదింటికి కచ్చేరికి వచ్చి ఆఱింటికి పోవువాడు. ఏటికి రెండు మూడు పర్యాయములు మాత్రమే ప్రాణాపాయమైన పని తగులును. తక్కిన దినములన్నియు బల్లముందు కూర్చుండి ఫైళ్లు చదువుటయే. సంవత్సరమునకు 1,500 పౌనుల జీతము. నలువదియైదేండ్లు నిండగానే ఆ జాబితానుండి పేరు తీసివేయుదురు, ఇంక ఎనిమిదేండ్లున్నవి. అంతవరకు బ్రదుకుదునని అతనికి నమ్మకము లేదు. ఈ నాలుగు పుటలలో నున్న దిగులు, ఎన్నియో చిత్రములలోని పేలుళ్లలో నాకు కానరాలేదు. 1979లో ఇదే పేరుతో చిత్రము తీసి, బల్ల, ఫైళ్లు, పదవీవిరమణ అన్నియు విడిచిపెట్టి, నాయకుని అంతరిక్షమునకు పంపిరి! 1985లో మూర్ చివరిసారి ఈ వేషము కట్టునాటికి ఆయనకు ఏబదియేడేండ్లు. ఫ్లెమింగ్ లెక్కలో పదవీవిరమణ దాటి పండ్రెండేండ్లు.

ఉద్యోగియన్నపుడు హుకుం ఉండవలెను, పని ఉండవలెను, పని ముగిసినపిమ్మట తిరిగివచ్చుటకు బల్ల ఉండవలెను. ఈ మూడును అమరిన చిత్రము 1963నాటి ‘ఫ్రం రష్యా విత్ లవ్’. ఇస్తాంబులులోని రష్యావారి కార్యాలయములో పనిచేయు ఒక పిల్ల, రహస్యలిపి యంత్రమును తెచ్చి యిత్తుననుచున్నది. అది ఉచ్చు అని పై అధికారికిని తెలియును, బాండునకును తెలియును. ఐనను పొమ్మని ఉత్తరువు, పోయినాడు. పోవునపుడు కచ్చేరిలో ఒక తోలుపెట్టె యిత్తురు. అందులో నేమేమి యున్నవో మన కన్నులయెదుటనే ఒప్పచెప్పుదురు: మడతపెట్టు తుపాకి, దాచిన కత్తి, ఏబది బంగారు నాణెములు, పౌడరు డబ్బావలె కనబడు బాష్పవాయువు గుళిక. స్టోర్సు గుమాస్తా సరకు లెక్కపెట్టి సంతకము పుచ్చుకొన్నట్లే యుండును. పిమ్మట రైలుపెట్టెలో శత్రువు తుపాకి గుఱిపెట్టి మోకాళ్లమీద నిలిపినపుడు, ఆ బంగారమును ఆశచూపి అతనిచేతనే పెట్టె తెఱపించును, వాయువు చిమ్మును, కత్తి చేతికి వచ్చును. ఆ శత్రువు తానును ఇంగ్లీషు ఉద్యోగినేయని చెప్పుకొనుచు, భోజనమువేళ చేపతో ఎఱ్ఱ ద్రాక్షసారా తెప్పించుకొన్నాడని బాండు తరువాత జ్ఞాపకము చేసికొనును. ఎంత చిన్న గుర్తు! అక్కడ పగ లేదు, బాల్యము లేదు, తండ్రి లేడు. చేయవలసిన పని యొక్కటే కలదు. ఆ పనిలోనే మనిషి బయటపడుచున్నాడు.

1989లో ‘లైసెన్స్ టు కిల్’ వచ్చినది. స్నేహితునికి జరిగిన ఘోరమునకు పగతీర్చుకొనుటకై బాండు హుకుమును ధిక్కరించి పోయినాడు. ఒక్కసారికి అది బలముగనే యున్నది. క్రెయిగ్ కాలము వచ్చుసరికి ధిక్కారమే నిత్యకృత్యమైనది. 2015నాటి ‘స్పెక్టర్’లో పరమశత్రువు బ్లోఫెల్డు ఎవరో కాదు, బాల్యమున బాండును చేరదీసి పెంచినవాని కొడుకే, అంతకుముందు మూడు చిత్రములలోని దుర్మార్గమంతయు ఆ దాయాదిపగనుండి పుట్టినదే యని తేల్చిరి. లోకమంత విశాలమైన కథ ఒక ఇంటి నడవలోనికి ముడుచుకొనిపోయినది. ప్రపంచమునకు వచ్చిన ఆపద యంతయు కథానాయకుని సొంత తగవైనచో, ఇతడు లేకుండినయెడల లోకము సుఖముగా నుండెడిది గదా యని ప్రేక్షకునికి తోచును. రచయితలు ఈ సంగతి గమనించినట్లు లేదు.

క్రెయిగ్ చిత్రములను తీసివేయుట నా యుద్దేశము కాదు. 2006నాటి ‘కేసినో రాయల్’ చూచి నేను లేచివచ్చునపుడు మాట పెగలలేదు. అందులో హృదయము పగిలినను, అది పనిలో నుండగా పగిలినది. ఆమె వచ్చినదే ఖజానాశాఖవారి సొమ్ముకు లెక్క చూచుటకు. 2021లో ఆయన చావునకు కన్నీరు పెట్టినవారిని నేను పరిహసింపను. జీవితచరిత్రము వ్రాసిరి, బాగుగనే వ్రాసిరి, చావుతో ముగించిరి. ముగిసినదానికి రెండవ సంపుటము కూడదు.

వెనుకటి కాలమునకు పోవుదమనువారితోను ఏకీభవింపజాలను. ఈ చిత్రములెప్పుడును రేపటి పత్రికనుండి పుట్టినవే. అమెరికావారి రాకెట్టులను దారితప్పించు కథతో ‘డాక్టర్ నో’ లండనులో విడుదలయైనది 1962 అక్టోబరులో. ఆ నెలలోనే క్యూబా క్షిపణుల సంక్షోభము వచ్చి లోకమును గడగడలాడించినది. 1987లో ఆఫ్గనిస్థానము, 1997లో యుద్ధము పుట్టించి వార్తలమ్ము పత్రికాధిపతి, 2012లో కంప్యూటర్ల గుండ చొరబడు శత్రువు. పాత కార్లు, పాత టోపీలు చూచుటకు ముచ్చటగనే యుండును. కాని నాటి ఆపద ఎట్లు ముగిసినదో మనకు తెలియును. తెలిసిన ఆపద భయపెట్టదు.

ఇందులో మన దక్షిణాదివారు ఒక సంగతి ఆనాడే కనిపెట్టిరి. 1966లో తెలుగున కృష్ణ నటించిన ‘గూఢచారి 116’, అదే సంవత్సరమున తమిళమున జైశంకర్ ‘వల్లవన్ ఒరువన్’, 1968లో కన్నడమున రాజ్‌కుమార్ ‘జేడర బలె’ వచ్చినవి. ఇల్లు ఒక భాష, వీధి ఒక భాషగా బ్రదికిన మన కుటుంబములలో వీనిలో రెండింటినైన చూచిన పెద్దలు ఉందురు. 116 అనియు, సి.ఐ.డి. 999 అనియు మనవారు నంబరును పట్టుకొనిరి, పని అప్పగించిరి, పంపిరి. గూఢచారి బాల్యము మన కెవరును చెప్పలేదు, మనమును అడుగలేదు. చౌకబారుతనము ఎంతయైన ఉండవచ్చును గాని, మూలసూత్రము అది.

కొత్త యజమానులకు నా మాట చేరునని కాదు. ఐనను 2012నాటి ‘స్కైఫాల్’ చివరి ఘట్టమును వారు మరల చూడవలెనని కోరుదును. పాత అధికారిణి చనిపోయినది. కొత్త అధికారి గది. దళసరి తోలు కుట్టిన పాతకాలపు తలుపు. బయట మిస్ మనీపెన్నీ బల్ల. బాండు లోపలికి వచ్చి నిలుచును. అధికారి అతి రహస్యమను ముద్రగల ఒక ఫైలు చేతికిచ్చి, పనికి సిద్ధమేనా యని అడుగును. సంతోషముగా నని బాండు బదులు చెప్పును. అక్కడ చిత్రము ముగిసినది. మూడేండ్లకు తరువాతి చిత్రము వచ్చినపుడు, అతడు ఏ హుకుమును లేకయే మెక్సికో నగరమున తిరుగుచున్నాడు. ఆ ఫైలులో నేమున్నదో ఎవరును చెప్పలేదు.