తొలి నెల: చేతికంటే చూపుకే పని

తెలుగునాట తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్ళడం ఆచారం కనుక, మొదటిసారి తల్లి అయిన స్త్రీకి బిడ్డను సాకే విద్య ఆమె తల్లి చేతుల మీదుగానే అందుతుంది. ఆ పాఠంలో ఎక్కువ భాగం చేతలే: నలుగు పెట్టడం, కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోయడం, మాడుకు ఆముదం అద్దడం, సాంబ్రాణి పొగ వేయడం, కాటుక దిద్దడం. వైద్యులు నవజాత శిశువు అని వ్యవహరించే 28 రోజుల లోపు బిడ్డ విషయంలో గత అర్ధ శతాబ్దపు వైద్యం చాలావరకు ఈ చేతలను తగ్గిస్తూ, వాటి స్థానంలో గమనింపును నిలుపుతూ వచ్చింది.

మొదట సవరణకు గురైనది స్నానం. పుట్టిన బిడ్డ ఒంటి మీది తడి ఆరుతూ శరీరపు వేడిని లాక్కుపోతుంది. బరువుతో పోలిస్తే చర్మ వైశాల్యం ఎక్కువ కావడంవల్లా, పెద్దవారిలా వణికి వేడి పుట్టించుకునే శక్తి లేకపోవడంవల్లా బిడ్డ త్వరగా చల్లబడుతుంది. అందుకే వెంటనే పొడిబట్టతో తుడిచి, తల్లి ఛాతీకి నేరుగా ఆనించి, తలకు టోపీ పెట్టి కప్పాలనీ, తొలి స్నానాన్ని కనీసం 24 గంటలు వాయిదా వేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. చర్మానికి అంటుకొని ఉండే తెల్లటి మైనంవంటి పూత రక్షణ పొర కాబట్టి దానిని రుద్ది తీయనక్కరలేదు. రెండున్నర కిలోలకంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు ఈ ఛాతీ వెచ్చదనమే చికిత్స అవుతుందని కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్ల కొరత నడుమ 1978లో ఎడ్గార్ రే అనే వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి నిరూపించింది. కంగారూ సంరక్షణ అన్నది దాని పేరు. థర్మామీటరు లేని ఇంట్లోనైనా తల్లి అరచేతి వెనుకభాగంతో బిడ్డ పొట్టనూ పాదాలనూ తాకి చూడవచ్చు: రెండూ వెచ్చగా ఉంటే క్షేమం, పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే చలి మొదలైనట్టు, రెండూ చల్లబడితే ప్రమాదం.

పాల విషయంలో అనుమానమే మొదటి శత్రువు. కాన్పైన గంటలోపు పట్టవలసిన ముర్రుపాలు, అంటే రోగనిరోధక పదార్థాలు దండిగా ఉండే చిక్కటి పసుపువన్నె తొలిపాలు, కొద్దిగానే వస్తాయి. తొలి రోజు బిడ్డకు కావలసిందీ అంతే. ఆ కొద్దిదనాన్ని చూసి పాలు పడలేదని పెద్దలు తీర్మానించడం, తేనో చక్కెర నీళ్ళో పోతపాలో నోట్లో పోయడం జరుగుతూ ఉంటుంది. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు ఏడాదిలోపు పిల్లల పేగుల్లో మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే బోట్యులిజం అనే జబ్బును కలిగించగలవు. పోతపాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్మును తక్కువగా చీకుతుంది, చీకడం తగ్గితే పాలు ఊరడమూ తగ్గుతుంది కాబట్టి, పాలు లేవన్న భయమే చివరికి పాలు లేకుండా చేస్తుంది. పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి కాక తడి గుడ్డలను బట్టి తెలుసుకోవాలి: మొదటి వారం ముగిసేసరికి రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయాలి, నల్లటి తొలి మలం నాలుగైదు రోజుల్లో పసుపురంగుకు మారాలి, తొలి రోజుల్లో పదోవంతు దాకా తగ్గగల బరువు రెండు వారాల్లో తిరిగి రావాలి. తల్లిపాలలో ఎనభై శాతానికి పైగా నీరే కనుక రెంటచింతల ఎండల్లోనైనా ఆరు నెలల వరకు విడిగా మంచినీళ్ళు అక్కరలేదు.

బొడ్డుతాడుకు ఏమీ పూయకుండా పొడిగా ఉంచితే సాధారణంగా రెండు వారాల లోపు అదే ఊడిపోతుంది. బూడిద, పేడ పూసిన కాలంలో ధనుర్వాతం బిడ్డలను బలిగొనేది. గర్భిణులకు వేసే టీకా, శుభ్రమైన కాన్పులవల్ల 2015లో భారతదేశం ఆ ముప్పును నిర్మూలన స్థాయికి దించగలిగింది. కాటుకలో సీసం, సాంబ్రాణిలో పొగ ఉన్నాయి కాబట్టి ఆ రెండూ మానదగినవే.

చేతలు తగ్గినచోట చూపు ఎంత చేయగలదో కామెర్ల చరిత్ర చెబుతుంది. ఎర్రరక్తకణాలు విరిగినప్పుడు పుట్టే బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని లేత కాలేయం వెంటనే తొలగించలేకపోవడంతో ఎందరో శిశువులు రెండు మూడు రోజులకు పచ్చబడతారు. ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో శిశువులను ఎండపొడకు తీసుకువెళ్ళే జీన్ వార్డ్ అనే నర్సు, 1956లో ఒక బిడ్డ ఒంటి మీద దుప్పటి కప్పిన మేర మాత్రమే పసుపు మిగిలి ఉండడాన్ని గమనించి వైద్యులకు చూపింది. 1958లో అక్కడి వైద్యులు ప్రకటించిన దీపకాంతి చికిత్సకు మూలం ఆ గమనింపే. ఇంట్లో ఎండ చూపడం ఆ చికిత్సకు సాటి రాదు గాని, పసుపు తొలి 24 గంటల్లోనే కనిపించినా, అరచేతులకూ అరికాళ్ళకూ పాకినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని తెలిసి ఉండాలి.

ఈ చూపు నేర్పగలిగిన విద్యేనని తెలంగాణను ఆనుకొని ఉన్న గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు నిరూపించారు. ఊపిరి లెక్కించడం, బరువు తూచడం, జబ్బును గుర్తించి యాంటీబయాటిక్ ఇవ్వడం గ్రామీణ స్త్రీలకు నేర్పగా, పోల్చి చూసిన ఇతర గ్రామాలకంటే అక్కడ నవజాత శిశు మరణాలు సుమారు 62 శాతం తగ్గాయని 1999లో వారు ప్రచురించారు. ఆసుపత్రి కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42 రోజులలో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూసే నేటి ఏర్పాటు ఆ ప్రయోగపు వారసురాలే.

ఆశా రాని రోజుల్లో ఆ పని తల్లిది. పాలు తాగడం మానడం, నిండు నిమిషం లెక్కించినప్పుడు ఊపిరి 60 సార్లు లేదా అంతకు మించి ఉండడం, డొక్కలు ఎగరడం, ఒళ్ళు కాలడం లేదా చల్లబడడం, మూర్ఛ, కదిలిస్తేనే కదిలేంత మందకొడితనం అన్నవి ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం తగదు. తొలి తల్లికి అనుభవం లేదన్నది నిజమే గాని, ఆ బిడ్డ విషయంలో ఇంట్లో మరెవరికీ అనుభవం లేదు. రాత్రింబవళ్ళు పక్కలో ఉంచుకున్న ఆమెకే మూడోనాటికి ఆ బిడ్డ ఆకలి, నిద్ర, ఊపిరి అందరికంటే బాగా తెలుస్తాయి. కాబట్టి బిడ్డ నిన్నటిలా లేదని ఆమె అన్నప్పుడు, పురిటి మైల తీరేదాకా గడప దాటరాదన్న నియమాన్ని పక్కనబెట్టి, ఆ మాటనే బయలుదేరడానికి తగిన కారణంగా ఇంటిపెద్దలు స్వీకరించాలి.