మందలించడానికి వచ్చిన ముగ్గురు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఎవరికైనా పానం బాగలేదని తెలిస్తే పోయి మందలించి వస్తరు. తిట్టి రావడం కాదు. మంచం పక్కన కాసేపు కూర్చోవడం, తిన్నవా, నిద్ర పడుతున్నదా అని అడగడం, లేచేటప్పుడు చేతిలో వందో రెండొందలో పెట్టడం. కోస్తా పాఠకులకు ఈ మాట అడ్డం తగులుతుంది. అక్కడ మందలించడమంటే తప్పు చేసినవాణ్ణి గద్దించడం. మొదటి అర్థంలోంచి రెండో అర్థంలోకి జారిపోవడం ఎంత తేలికో చూడాలంటే బైబిల్లో యోబు గ్రంథం చదవాలి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు తెలంగాణ అర్థంలో మందలించడానికి బయల్దేరుతారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు రోగి పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చుంటారు. వాళ్ళు సరిగ్గా చేసిన పని అదొక్కటే. నోరు తెరిచిన దగ్గర్నుంచీ రెండో అర్థమే. తప్పు చేయనివాడికి ఇట్లా ఎందుకవుతుంది అంటాడొకడు. నీ పిల్లలు ఏదో చేసే ఉంటారు అంటాడింకొకడు. నీ పాపానికి ఈ శిక్ష తక్కువే అంటాడు మూడోవాడు.

మన చర్చిల్లో యోబు అంటే సహనానికి మారుపేరు. ఆ పేరు రావడానికి కారణం యోబు గ్రంథం కన్నా యాకోబు పత్రిక. జ్ఞానం కొదువైనవాళ్ళు దేవుణ్ణి అడగాలని మొదటి అధ్యాయంలో చెప్పిన ఆ పత్రికే, ఐదో అధ్యాయంలో యోబు సహనాన్ని గుర్తుచేస్తుంది. ఆ తర్వాత కొద్ది వాక్యాలకే, జబ్బుపడ్డవాళ్ళు సంఘపెద్దలను పిలిపించి నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకోవాలంటుంది. కానీ అసలు గ్రంథంలో సహనం కనిపించేది మొదటి రెండు అధ్యాయాల్లో. చివర్లో కొంత శాంతి. మధ్యలో దాదాపు నలభై అధ్యాయాల కవిత్వంలో యోబు తను పుట్టిన రోజును శపిస్తాడు, దేవుణ్ణి నిలదీస్తాడు, స్నేహితులను ఎద్దేవా చేస్తాడు. ప్రసంగాల్లో ఎక్కువగా వినేది ఆ రెండు కొసలే. మధ్య భాగాన్ని దాటేస్తే నష్టం సాహిత్యానికి మాత్రమే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. జబ్బుపడ్డ మనిషికి పనికొచ్చే భాషంతా ఆ మధ్య భాగంలోనే ఉంది.

తెలుగు బైబిలు గ్రాంథికం ఉత్తర తెలంగాణ నోటికి దూరమే. అయినా కొన్నిచోట్ల అది ఈ ప్రాంతపు చెవికే ఎక్కువ వినిపిస్తుంది. రెండో అధ్యాయంలో యోబు ఒంటిని సాతానుకు అప్పగిస్తూ దేవుడు ఒక షరతు పెడతాడు: ప్రాణం జోలికి మాత్రం పోవద్దు. హీబ్రూలో ఆ మాట 'నెఫెష్'. గొంతు, ఊపిరి, బతుకు, మనిషి తానూ, అన్నీ అందులో ఉన్నాయి. పుస్తకాల తెలుగులో ప్రాణమంటే పోతే తిరిగి రానిది. తెలంగాణలో పానమంటే ఒళ్ళు కూడా. పానం బాగలేదు, పానం గుంజుతున్నది, పానం నిమ్మలమైంది. ఈ చెవితో వింటే ఆ షరతు ఎంత డొల్లదో తెలుస్తుంది. అరికాలి నుంచి నడినెత్తి దాకా పుండ్లు లేచి, బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటున్న మనిషిలో ముట్టకుండా వదిలేసిన పానం ఏది?

ఏడో అధ్యాయం నిద్రపట్టని రాత్రులది. ఎప్పుడు తెల్లారుతుందా అని దొర్లడం, తెల్లారితే ఈ పగలెట్లా గడుస్తుందా అనుకోవడం. అక్కడే తన రోజులు సాలెవాడి నాడె కన్నా వేగంగా పోతున్నాయంటాడు. పాత కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాళ్ళకు నాడె వేగం గురించి టీకా అక్కర్లేదు. ఆ వాక్యం చివర హీబ్రూలో ఒక శ్లేష ఉంది. 'తిక్వా' అంటే ఆశ, దారం కూడా. రోజులు ఆశ లేకుండా ముగుస్తున్నాయి, దారం లేకుండానూ ముగుస్తున్నాయి. తెలుగు అనువాదకులు ఆశనే ఎంచుకున్నారు. తప్పు కాదు, తెలుగులో ఆ రెంటినీ మోసే ఒక్క మాట లేదు. కానీ నేతన్నల ఆత్మహత్యలతో పేపర్లకెక్కిన ఊళ్ళో ఆ వాక్యాన్ని కండె ఖాళీ అయిన మగ్గంగా చదవడం అతి అనిపించదు. నాడె ఆడుతూనే ఉంటుంది, నూలే ఉండదు.

జ్ఞానం ఎక్కడ దొరుకుతుందనే ప్రశ్న మాత్రం ఇరవై ఎనిమిదో అధ్యాయంలో వస్తుంది. ఆ పద్యం గనిలో మొదలవుతుంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్‌లలో గనిని బాయి అంటారు. ఆ ఊళ్ళవాళ్ళు ఈ పద్యాన్ని ఏ వ్యాఖ్యానమూ లేకుండా చదువుకోవచ్చు. చీకట్లోకి దీపం తీసుకుపోయి దాని అంచు దాకా వెతికే మనుషులు, జనం తిరిగే నేలకు దూరంగా లోతుల్లో వేలాడేవాళ్ళు, పైన తిండి పండుతుంటే కింద నిప్పు పెట్టినట్టు తిరగబడే భూమి, డేగ కంటికి ఆనని దారి, రాతిలో తొలిచిన కాలువలు, ఊట నీళ్ళను ఆపడం. అక్కడ దొరికేవి వెండి, బంగారం, ఇనుము, రాగి. బొగ్గు లేదు. మిగతాదంతా క్యాప్ ల్యాంప్ పెట్టుకుని నైట్ షిఫ్టుకు దిగినవాళ్ళ లోకమే. అంత లోతుకు దిగే మనిషిని పొగిడి పొగిడి, కవి ఒక్కసారిగా అడుగుతాడు: మరి జ్ఞానం ఏ బాయిలో ఉంది? అగాధం నా దగ్గర లేదంటుంది. సముద్రమూ అంతే. చావు మాత్రం దాని సంగతి ఎక్కడో చెవిన పడిందంటుంది.

చావుకు తెలిసింది కూడా పుకారే! జబ్బుతో దేవుడు నీకేదో నేర్పిస్తున్నాడని రోగి మంచం దగ్గర చెప్పేవాళ్ళకు ఇంతకన్నా గట్టి జవాబు ఈ గ్రంథంలో నాకు కనపడలేదు. బాధలో లోతుకు దిగితే జ్ఞానం తట్టలో పడుతుందనే లెక్కను ఈ పద్యం ఒప్పుకోదు. లోతుకు దిగినవాళ్ళకు బొగ్గు దొరుకుతుంది, ఊపిరితిత్తుల్లోకి దుమ్ము కూడా.

పద్యం చివరి వచనం అంత ఎత్తు నుంచి దబ్బున కింద పడుతుంది. దేవుడంటే భయం కలిగి ఉండు, చెడును వదిలెయ్యి, అదే జ్ఞానం అంటుంది. బడిపిల్లలకు చెప్పే పాఠం లాగుంటుంది. ఈ అధ్యాయం యోబు గొంతు కాదనీ, వాదాల మధ్యలో పెట్టిన విరామగీతమనీ కొందరు పండితులంటారు. అయినా గ్రంథం మొదటి వాక్యానికి ఒకసారి తిరిగి వెళ్ళి చూడండి. యోబును పరిచయం చేసిన లక్షణాలే ఇవి: దేవుడంటే భయం, చెడుకు దూరం. అంటే ఇంత గని తవ్వి పైకి తెచ్చిన జ్ఞానం, ఒంటి మీద పుండు లేవకముందే అతని దగ్గరుంది. ఉండీ అతన్ని కాపాడలేదు. జ్ఞానమనేది రోగానికి టీకా కాదు, రోగం ఇచ్చే సర్టిఫికెట్టూ కాదు. స్నేహితులకు మింగుడుపడనిది ఇదే. మన స్వస్థత కూటాలకూ మింగుడుపడటం లేదు.

క్రైస్తవుల నోట బతికే సాహిత్య రూపాల్లో సాక్ష్యం చాలా బలమైనది. జబ్బు వచ్చింది, డాక్టర్లు చేతులెత్తేసిన్రు, ప్రార్థన జరిగింది, ఇగో మీ ముందు నిలబడ్డ. ఈ కథనం ఎప్పుడూ చివరి నుంచి మొదలవుతుంది, ఎందుకంటే నయమైన తర్వాతే మైకు దొరుకుతుంది. ఇంకా జబ్బులోనే ఉన్న మనిషికి సాక్ష్యంలో పాత్ర ఉంటుంది గానీ గొంతు ఉండదు. ముందే తొందరపడి స్వస్థత ప్రకటించినవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. తర్వాత వారం మింగే మందుబిళ్ళ కూడా దొంగచాటుగా మింగాల్సిందే. యాకోబు పత్రికలో నూనెకూ మందుకూ ఏ గొడవా లేదు. నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో వెస్లియన్ మిషన్ డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో ప్రారంభించిన కుష్ఠు ఆసుపత్రిలో, తర్వాతి ఏళ్ళలో చాల్‌మోగ్రా జాతి గింజల నూనెనే సూదిమందుగా ఇచ్చారు. ప్రార్థనా నూనెతోనే, వైద్యమూ నూనెతోనే.

బొగ్గుగనుల ఊళ్ళలో ఇది ఇంకో మెలిక తిరుగుతుంది. సింగరేణి కార్మికుడు జబ్బుతో పనికి అన్‌ఫిట్ అని కొత్తగూడెంలో మెడికల్ బోర్డు తేలిస్తే, ఇంట్లో ఒకరికి ఉద్యోగం దొరికే దారి ఉంది. 2017లో హైకోర్టు వారసత్వ ఉద్యోగాల పథకాన్ని కొట్టేశాక, కారుణ్య నియామకాల పేరుతో ఆ దారి మిగిలింది. విశ్వాసి అయిన కార్మికుణ్ణి ఒకసారి ఊహించండి. ఆదివారం సంఘం ముందు బాగైనానని చెప్పాలి. బోర్డు ముందు ఇక బాగు కానని రుజువు చేసుకోవాలి. రెండుచోట్లా చూపించేది అదే ఊపిరితిత్తి. ఈ నేల మీంచి అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి రాసిన కథలు మనకున్నాయి. కానీ దగ్గుతూ దేవుడితో పంచాయితీ పెట్టుకునే క్రైస్తవ కార్మికుడు నేను చదివినంతలో తారసపడలేదు. యోబు దగ్గర అతని భాష ఉంది. ముప్పై ఒకటో అధ్యాయంలో యోబు ఇదిగో నా సంతకం అంటాడు. అవతలి పక్షం ఫిర్యాదు కాగితం మీద పెడితే దాన్ని భుజాన వేసుకుని తిరుగుతానంటాడు. ఎక్స్‌రేలు, స్కానింగ్ రిపోర్టులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్న మనిషి అతను. అడిగేది స్వస్థత కాదు, విచారణ.

దేవుడితో ఇట్లాంటి మాటలు ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. గోదావరి ఒడ్డున ధర్మపురి నరసింహుడి మీద శేషప్ప కవి చెప్పిన నరసింహ శతకంలో ఒక పద్యం చాలామందికి కంఠస్థం. చివరి ఘడియల్లో కఫం గొంతుకడ్డం పడితే నీ పేరు పలకగలనో లేదో, అందుకే ముందుగానే పిలిచి పెట్టుకుంటున్నానంటాడు. గొంతు పోతుందన్న భయం ఇద్దరిదీ. శేషప్ప ఒళ్ళు బాగున్నప్పుడే స్తుతిని దాచిపెట్టుకుంటాడు. యోబుకు ఆ వెసులుబాటు లేదు, గొంతు ఉన్నంతసేపూ జబ్బు లోపలి నుంచే మాట్లాడతాడు. భక్తిగా నాకు శేషప్ప దగ్గర. కవిత్వంగా యోబే బరువు.

ఇక ముగింపు. దేవుడు ఆ ముగ్గురి మీదా కోప్పడి, నా గురించి సరిగ్గా మాట్లాడింది యోబే, మీరు కాదు అంటాడు. నిలదీసినవాడిది సరైన మాట, వెనకేసుకొచ్చినవాళ్ళది తప్పుడు మాట. ఆ తర్వాత గ్రంథం లెక్కల పుస్తకంలా మారుతుంది. 14,000 గొర్రెలు, 6,000 ఒంటెలు, 1,000 జతల ఎద్దులు, 1,000 గాడిదలు. మళ్ళీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. కూతుళ్ళకూ అన్నదమ్ములతో పాటు వాటా. అన్నాళ్ళూ ముఖం చాటేసిన చుట్టపక్కాలంతా అప్పుడొచ్చి, ఇంట్లో కూర్చుని తిని, ఓదార్చి, ఒక్కొక్కరు ఒక వెండి నాణెం, ఒక బంగారు ఉంగరం చేతిలో పెట్టిపోతారు. పుండ్లు మానాయని మాత్రం ఎక్కడా రాసి లేదు.