కడుపులో ఆకు, నెత్తిన గౌరమ్మ

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం రామంతాపూర్ గల్లీల్లోంచి ఒక్కొక్కటే బయటికొచ్చే బతుకమ్మల్లో అందరి కళ్లూ పడేది అన్నిటికంటే ఎత్తైనదాని మీదే. "ఎవరింటిదే అది?" అని ఆరాలు. ఎత్తును మెచ్చుకోవడం తేలిక. అంత ఎత్తు ఎట్లా నిలబడిందో తెలియాలంటే మాత్రం పొద్దుటిపూట, పేర్చేచోటికి పోయి కూర్చోవాలి.

పని సిబ్బితో మొదలవుతుంది. సిబ్బి లేనివాళ్లు ఇత్తడి తాంబాళం పెడతారు. దాని మీద గుమ్మడాకులు పరిచి, పూలు బయటికి, కాడలు లోపలికి ఉండేట్టు అంచు వెంబడి మొదటి వరుస తిప్పుతారు.

గోడంతా మోసేది గునుగే. దానిది కాగితం స్వభావం: తడి తక్కువ, కోసిన మర్నాటికీ ఆకారం చెదరదు. కాడలన్నీ ఒక్క కొలతకు కత్తిరించి, గుప్పెడేసి దారంతో కట్టి, కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. ఈ ముంచడంలోనే చేయి తెలిసిపోతుంది. మొత్తం ముంచితే గునుగు మొద్దుగా కనిపిస్తుంది. కొస మాత్రమే తడిసి, కింద తెలుపు మిగిలితేనే వరుసకూ వరుసకూ నడుమ గీత గీసినట్టుంటుంది. తంగేడు తీరు వేరు. మెత్తటి రేకులు, పొద్దు వాలేసరికి తల వాలుస్తాయి. అందుకే గుత్తులుగా కట్టి బిగించి పెడతారు. రాష్ట్ర పుష్పమే కానీ, గునుగు అండ లేనిదే నిలబడలేదు పాపం.

అసలు పని నడుమ జరుగుతుంది. ప్రతి వరుస కాగానే మధ్యలో మిగిలిన గుంటను ఆకు తుంపులతో, కత్తిరించిన కాడలతో నింపి అరచేత్తో అదుముతారు. "నడుమ వట్టిగ పెట్టకే, చెరువుదాక రాదు" అని పెద్దవాళ్లు గదమాయించేది ఇక్కడే. తక్కువ నింపితే పై వరుస కుంగుతుంది, ఎక్కువ కుక్కితే కింది వరుస బయటికి ఉబుకుతుంది. పచ్చి ఆకులోని చెమ్మ పూలను సాయంత్రం దాకా కాపాడుతుంది కూడా. థర్మోకోల్ దిమ్మెకు పూలు గుచ్చి కానిచ్చేసేవాళ్లూ ఉన్నారు. ఫొటోకు సరిపోతుంది, దాన్ని పేర్చడం అనడానికి నాకు నోరు రాదు.

లోపలి పనే అసలు పరీక్ష కావడం బతుకమ్మ ఒక్కదానికే కాదు. జీపీఎస్ పట్టుకుని దాచిన పెట్టెలు వెతికే జియోక్యాచింగ్‌లో 20 లీటర్లు, ఆపైన పట్టే పెట్టెను 'లార్జ్' అంటారు. దాన్ని బయట ఎన్ని సింగారాలతో కట్టినా, లోపలి సంతకాల పుస్తకం తడిసిందంటే కట్టినవాడి పనితనం ఏట్లో కలిసినట్టే. అక్కడ కడుపు పొడిగా ఉండాలి, ఇక్కడ పచ్చిగా ఉండాలి.

2014లో రాష్ట్ర పండుగ అయ్యాక బతుకమ్మల ఎత్తు పెరుగుతూ వచ్చింది. 2025 సెప్టెంబర్ 29న, మనకు దగ్గర్లోనే, సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల పైచిలుకు బతుకమ్మను నిలిపారు. 1,354 మంది మహిళలు ఆడారు. గిన్నిస్ రికార్డు దక్కింది. ఆ ఎత్తున ఆకు నింపితే అడుగు వరుసలు పిప్పయిపోతాయి, కాబట్టి లోపల చట్రం ఉండి తీరాలి. చట్రం ఉందని తీసిపారేయడం సరికాదు. చట్రం బరువు మోస్తుంది గానీ వాలు చూసుకోదు. నిలువెత్తు బతుకమ్మలో పేర్చే ఆమె చేతికందే దూరం నుంచే, ఒక్కో వరుసకు వేలెడు లోపలికి జరుగుతూ వాలు తెస్తుంది. 63 అడుగుల దాంట్లో పైన గుచ్చేవాళ్లకు కింది వరుస కనపడదు, కింద ఉన్నవాళ్లకు పై కొస అందదు. రంగుల పట్టీలు చుట్టూ ఒకే మట్టంలో కలవాలంటే కొలతలన్నీ ముందే తేలాలి, అంత మందీ ఒక చేయిలా పనిచేయాలి.

అంతటిదాన్ని నెత్తికెత్తుకునే వీలు లేదు, చెరువులో వదిలే వీలూ లేదు. ఆ రెండు పరీక్షలూ ఇంటి బతుకమ్మకే. నెత్తి మీద అన్ని కుదుపులకూ ఓర్చుకుని, నీళ్లలో వదిలాక కూడా కాసేపు విడిపోకుండా తేలిందంటే, పొద్దున నడుమ ఆకు నింపినామెకు పూర్తి మార్కులు వేయాల్సిందే.